దీన్ని ప్రమాదం అనకండి

2022 నవంబర్ 15 ఉదయం చెన్నైలోని రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో ప్రియ అనే పదిహేడేళ్ల ఫుట్‌బాల్ క్రీడాకారిణి చనిపోయింది. ఆ పిల్లకు ప్రాణం తీసే జబ్బేమీ లేదు. ఆటలో మోకాలి లిగమెంటు దెబ్బతింది. బాగుచేయించుకుని మళ్ళీ మైదానంలోకి దిగాలనుకుంది. నవంబర్ 7న కొళత్తూరులోని పెరియార్ నగర్ ప్రభుత్వ ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. మర్నాడు పెద్దాసుపత్రికి మార్చారు. కుడికాలు తీసేశారు. ఆపరేషన్ జరిగిన ఎనిమిది రోజులకు ప్రాణమే పోయింది. కాలికి వేసిన కట్టు మరీ బిగుసుకుని రక్తప్రసరణ ఆగిపోవడమే దీనికి మూలమని తమిళనాడు ఆరోగ్యమంత్రే ప్రకటించారు.

కట్టు బిగుసుకుని ఒక ఆటగత్తె చనిపోయింది. ఈ వాక్యాన్ని మరోసారి చదవండి. క్యాన్సర్‌తోనో గుండెజబ్బుతోనో కాదు. కత్తెరతో కత్తిరిస్తే ఊడివచ్చే ఒక గుడ్డకట్టు వల్ల.

చెన్నైలో జరిగినదాని గురించి విశాఖపట్నం వన్ టౌన్‌లో కూర్చుని మనం ఎందుకు మాట్లాడాలని కొందరు మిత్రులు అడిగారు. మాట్లాడాలి. ప్రియ పుట్టి పెరిగిన వ్యాసర్‌పాడి ఉత్తర చెన్నైలో రేవుకు దగ్గరగా ఉండే శ్రామికవాడ. ఇరుకు సందులు, కూలి కుటుంబాలు, ఫుట్‌బాల్ అంటే ప్రాణం పెట్టే పిల్లలు. మన వన్ టౌన్ ఎలాంటిది? రేవు పక్కన ఇరుకు సందులు, అరుగుల మీదా బట్టల మీదా పేరుకునే బొగ్గుపొడి, చేపల బుట్టలు మోసే తల్లులు, ఖాళీ జాగా దొరికితే ఆడుకునే పిల్లలు. ప్రియ చెన్నైలో క్వీన్ మేరీస్ కాలేజీలో వ్యాయామవిద్య డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతోంది. మన పాత పోస్టాఫీసు ప్రాంతంలోనూ క్వీన్ మేరీ పేరుతో ప్రభుత్వ బాలికల ఉన్నత పాఠశాల ఉంది. పేరులోని పోలిక యాదృచ్ఛికం కావచ్చు. ఆ రెండు గేట్లలోంచి బయటికి వచ్చే పిల్లల బతుకుల్లోని పోలిక మాత్రం యాదృచ్ఛికం కాదు. ప్రభుత్వ బడి, ప్రభుత్వ కాలేజీ, ప్రభుత్వ ఆసుపత్రి తప్ప మరో దారిలేని ఇళ్ళ పిల్లలు వాళ్ళు. ప్రియకు జరిగింది రేపు మన వీధిలో జరగదన్న హామీ ఎవరిస్తారు?

నొప్పి అంటే నమ్మని వ్యవస్థ

ముందు ఆ కట్టు సంగతి అర్థం చేసుకుందాం. ఇది డాక్టర్లకే తెలియాల్సిన విద్య అనుకుని మనం తప్పుకోకూడదు.

మోకాలి ఆపరేషన్ తర్వాత వాపు రాకుండా, లోపల రక్తం చేరకుండా కాలికి బిగువుగా కట్టు కడతారు. అది మామూలే. ఆ కట్టు ఉండాల్సిన దానికంటే బిగిసినా, లోపల వాపు పెరిగి కట్టు దానంతటదే ఒత్తినా రక్తం కిందికి దిగదు. రక్తం అందని కండరం కొన్ని గంటలకు మించి బతకదు. సుమారు ఆరు గంటలు దాటితే అది చచ్చిపోవడం మొదలవుతుంది. చచ్చిన కండరంలోంచి విషపదార్థాలు రక్తంలో కలిసి మూత్రపిండాలనూ గుండెనూ దెబ్బతీస్తాయి. అందుకే కాలితో మొదలైన నష్టం ప్రాణం దాకా పోతుంది.

ఇది చప్పుడు లేకుండా వచ్చే ఆపద కాదు. ముందుగా కేకలు పెట్టించే నొప్పి వస్తుంది. ఆపరేషన్ నొప్పికి మించిన నొప్పి. మందు ఇచ్చినా తగ్గదు. తర్వాత కాలివేళ్ళు పాలిపోతాయి, చల్లబడతాయి, తిమ్మిరెక్కుతాయి, కదపమంటే కదలవు. వీటిని కనిపెట్టడానికి స్కానింగు అక్కర్లేదు, లక్షల రూపాయల యంత్రం అక్కర్లేదు. గంటకోసారి మంచం దగ్గరికి వచ్చి, దుప్పటి తీసి, కాలివేళ్ళు ముట్టుకుని, 'ఎలా ఉందమ్మా?' అని అడిగి, చెప్పింది విని నమ్మే మనిషి కావాలి. కట్టు విప్పే అధికారం ఆ మనిషికి ఉండాలి. అంతే.

మన ఆసుపత్రుల్లో కరువైంది సరిగ్గా అదే. వార్డులో పదుల సంఖ్యలో రోగులుంటే రాత్రి డ్యూటీలో ఒకరో ఇద్దరో సిస్టర్లు ఉంటారు. వాళ్ళు చూడాల్సిన సెలైన్లు, ఇంజక్షన్లు, రాయాల్సిన కాగితాలు లెక్కలేనన్ని. పెద్ద డాక్టరు మర్నాడు రౌండ్స్‌కి వస్తారు. ఇక రోగి ఆడపిల్ల అయితే ఆమె నొప్పికి ఎప్పుడూ ఒక తరుగు ఉంటుంది. పురిటి మంచం మీద అరిస్తే కసురుతారు. నెలసరి నొప్పి అంటే నవ్వుతారు. 'ఆడదానికి ఓర్పుండాలి' అనే మాట వినకుండా మనలో ఎవరమైనా ఆసుపత్రి గడప దాటామా? ప్రియతో ఎవరు ఏమన్నారో మేం అక్కడ ఉండి వినలేదు. కానీ ఓర్చుకోమని ఆడవాళ్ళకు నేర్పిన సమాజంలో, నొప్పి అనే మొదటి హెచ్చరికను ఎవరూ పట్టించుకోకపోవడం ఆశ్చర్యం కాదని మాత్రం చెప్పగలం.

మొన్న మా వీధి సమావేశంలో ఒక తల్లి చెప్పింది. ఆమె ఫిషింగ్ హార్బర్‌లో చేపలమ్ముతుంది. కూతురు స్కూల్లో కబడ్డీ ఆడుతూ మోకాలు తిప్పుకుంది. పది రోజులు పసరు కట్టారు. ఆసుపత్రికి ఎందుకు తీసుకెళ్ళలేదని అడిగాం. 'ఏటి సేస్తామమ్మా, ఆడపిల్ల కుంటుతోందని నలుగురికీ తెలిస్తే రేపు ఎవులు సేసుకుంటారు?' అంది. ఆమెను తప్పుపట్టే ముందు ఆలోచించండి. మగపిల్లాడి మోకాలు ఆటకు సంబంధించింది. ఆడపిల్ల మోకాలు పెళ్ళికి సంబంధించింది. గాయాన్ని కూడా దాచుకోవాల్సిన స్థితిలో పిల్లలు ఆడుతున్నారు. ఆ అమ్మాయి ఇప్పుడు నడుస్తోంది, పరిగెత్తడం లేదు.

'ఆడపిల్లకు ఫుట్‌బాల్ ఎందుకు?'

ప్రియ మరణం తర్వాత ఈ ప్రశ్న చాలా నోళ్ళలో వినబడింది. చదువుకున్నవాళ్ళ నోళ్ళలో కూడా. ఆడపిల్ల ఇంటిపట్టున ఉంటే ఇదంతా జరిగేదా అని. పొలానికి వెళ్ళిన ఆడది పాముకాటుతో చనిపోతే 'పొలం ఎందుకు వెళ్ళింది' అని అడగం. ఎందుకంటే ఆ శ్రమ ఇంటికి కావాలి. ఆట ఆమెకు కావాలి కాబట్టి అది అనవసరం అయిపోతుంది. ఆడది తనకోసం చేసుకునే పని ఏదైనా ఈ సమాజం దృష్టిలో విలాసమే.

ఈ దేశంలో ఆడవాళ్ళ ఫుట్‌బాల్ నిన్న మొన్న పుట్టింది కాదు. 1975లోనే మహిళా ఫుట్‌బాల్ సమాఖ్య విడిగా ఏర్పడింది. 1980లో కోళికోడ్‌లో జరిగిన ఆసియా మహిళల పోటీల్లో మన జట్టు రెండో స్థానంలో నిలిచింది. అలాంటి ఆటను తర్వాత ఏం చేశారు? మగవాళ్ళ జాతీయ లీగ్ 1996లో మొదలైతే ఆడవాళ్ళ లీగ్ మొదటి సీజను 2017కి గాని పూర్తికాలేదు. ఇరవై ఏళ్ళ తేడా. ఆ ఇరవై ఏళ్ళలో ఎంతమంది ఆడపిల్లలు పందొమ్మిదేళ్ళకే బూట్లు విప్పేసి పెళ్ళిపీటల మీదికి వెళ్ళారో లెక్క ఎవరి దగ్గరా లేదు. అయినా పిల్లలు ఆగలేదు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియా వెళ్ళి దినమో జాగ్రెబ్ క్లబ్బుకు ఆడింది. మన పక్క శ్రీకాకుళం జిల్లా కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో పతకం తెచ్చి, ఆడది బరువులెత్తడమేమిటన్న నోళ్ళు మూయించింది.

ప్రియ ఆపరేషన్ బల్ల మీదికి వెళ్ళడానికి సరిగ్గా ఎనిమిది రోజుల ముందు, 2022 అక్టోబర్ 30న, నవీ ముంబైలో పదిహేడేళ్ళలోపు బాలికల ప్రపంచకప్ ఫైనల్ జరిగింది. ఈ దేశమే ఆతిథ్యమిచ్చింది. ఆడపిల్లల ఆటకు స్వర్ణయుగం వచ్చిందని ఉపన్యాసాలు దంచారు. మన జట్టు ఆడిన మూడు మ్యాచ్‌లూ ఓడిపోయింది. ఆ జట్టు కెప్టెన్ అష్టమ్ ఒరాన్ జార్ఖండ్‌లోని గుమ్లా జిల్లా ఆదివాసీ పిల్ల. ఆమె పేరు చెప్పి ఆమె ఊరికి ప్రభుత్వం రోడ్డు వేయిస్తే, ఆ రోడ్డు పనికి ఆమె తల్లిదండ్రులే కూలికి వెళ్ళారని పత్రికలు రాశాయి. ఇదీ స్వర్ణయుగం. స్టేడియంలో దీపాలు వెలిగించడానికి డబ్బుంటుంది. కెప్టెన్ తల్లి తట్ట మోస్తూనే ఉంటుంది. అదే వయసున్న మరో ఆటగత్తె కాలివేళ్ళు చూసే మనిషి మాత్రం ఉండదు.

ఇంకో విషయం కూడా మనం తెలుసుకోవాలి. ఫుట్‌బాల్ వంటి ఆటల్లో మోకాలి లిగమెంటు తెగే ప్రమాదం మగవాళ్ళకంటే ఆడవాళ్ళకు కనీసం రెండింతలని పరిశోధనలు ఏళ్ళ తరబడి చెబుతున్నాయి. దీన్ని పట్టుకుని ఆడవాళ్ళ శరీరం ఆటకు పనికిరాదని తేల్చేవాళ్ళుంటారు. తొందరపడొద్దు. కారణాల్లో శరీర నిర్మాణం ఒకటి మాత్రమే. మగవాడి పాదానికి కొలిచి చేసిన బూట్లు, గతుకుల మైదానాలు, కండ పెంచే వ్యాయామం ఆడపిల్లలకు నేర్పకపోవడం, రక్తహీనత, చాలని తిండి, ఇంటిపని అయ్యాక మిగిలిన కాసేపట్లో ఒళ్ళు వేడెక్కకుండానే ఆటకు దిగడం, వీటన్నిటికీ అందులో పాలుంది. అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య తయారుచేసిన ఇరవై నిమిషాల సన్నాహక వ్యాయామం ఒకటుంది. ఆటకు ముందు క్రమం తప్పకుండా చేస్తే గాయాలు గణనీయంగా తగ్గుతాయని నిరూపణ అయింది. దానికి ఒక్క రూపాయి పరికరం అక్కర్లేదు. నేర్పే వ్యాయామ ఉపాధ్యాయురాలు కావాలి. మన ఎన్ని బడుల్లో ఆ పోస్టు భర్తీ అయి ఉందో ఈ పత్రిక చదివేవాళ్ళు తమ తమ చోట్ల అడిగి చూడండి.

మగ ఆటగాళ్ళు చనిపోవడం లేదా అని కూడా అంటారు. చనిపోతున్నారు. 2004 డిసెంబర్‌లో బెంగళూరులో ఫెడరేషన్ కప్ ఫైనల్ ఆడుతూ గోల్‌కీపర్‌ను ఢీకొని బ్రెజిల్ ఆటగాడు క్రిస్టియానో జూనియర్ కుప్పకూలాడు. 2012 మార్చిలో అదే నగరంలో బెంగళూరు మార్స్ జట్టు ఆటగాడు వెంకటేశ్ మైదానంలో పడిపోతే అంబులెన్స్ లేక ఆటోలో తీసుకెళ్ళారు. బతకలేదు. ఎనిమిదేళ్ళ తేడాతో ఒకే నగరం, ఒకే పాఠం, నేర్చుకున్నది సున్న. అంటే ఆటగాళ్ళ ప్రాణానికి విలువలేని క్రీడావ్యవస్థ ఇది. దాని మీద పేదరికం, దాని మీద ఆడపుట్టుక కలిస్తే ఏమవుతుందో చెప్పిన కథ ప్రియది.

చెక్కు, సస్పెన్షన్, మరపు

ప్రియ చనిపోయాక ఇద్దరు డాక్టర్లను సస్పెండ్ చేశారు. రెండు రోజుల్లో ముఖ్యమంత్రి ఆ ఇంటికి వెళ్ళారు. 10 లక్షల రూపాయలు, ఇల్లు, అన్నదమ్ముల్లో ఒకరికి ప్రభుత్వ ఉద్యోగం ఇచ్చారు. ఆ కుటుంబానికి అవి అందడం న్యాయమే. కడుపుకోత పడిన తల్లిదండ్రులు తీసుకున్న సహాయాన్ని ఎవరూ వేలెత్తి చూపకూడదు. మా ప్రశ్న ప్రభుత్వానికి. ఆటగత్తె చనిపోయాక ఆ ఇంటికి దొరికిన ఉద్యోగం, ఇల్లు, ముఖ్యమంత్రి పలకరింపు, ఆమె బతికి ఆడుతున్నప్పుడు ఎక్కడ ఉన్నాయి? బతికున్న ఆడపిల్లకు మంచి బూట్లు, పౌష్టికాహారం, గాయమైతే వైద్యం చూపించలేని రాజ్యం చనిపోయిన ఆడపిల్ల ఇంటికి మాత్రం ఎంత వేగంగా దారి కనుక్కుంటుంది!

ఈ తంతు విశాఖవాసులకు కొత్తకాదు. 1997 సెప్టెంబర్ 14న హెచ్‌పీసీఎల్ రిఫైనరీ మంటల్లో కాలినప్పుడు చూశాం. 2020 మే 7న ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ వాయువు లీకై 12 మంది చనిపోయినప్పుడు చూశాం. ఆ 12 కుటుంబాలకూ కోటి రూపాయల చొప్పున ఇచ్చారు. ముందు 'ప్రమాదం' అంటారు. తర్వాత ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తారు. కిందిస్థాయిలో కొందరిని సస్పెండ్ చేస్తారు. ఒక కమిటీ వేస్తారు. ఆ తర్వాత అందరూ మరచిపోవాలి. ఎక్స్‌గ్రేషియా అన్న మాటకు అర్థమే 'దయతో ఇచ్చేది' అని. తప్పు ఒప్పుకుని ఇచ్చేది కాదు. హక్కుగా రావాల్సినదాన్ని దయగా మార్చడమే ఆ మాటలోని కిటుకు.

ఆడవాళ్ళ విషయంలో ఈ తంతు మరీ పాతది. 2014 నవంబర్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో ఒకే శిబిరంలో కొన్ని గంటల్లో 83 మంది ఆడవాళ్ళకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. అక్కడా, చుట్టుపక్కల శిబిరాల్లోనూ కలిపి పదిమందికి పైగా చనిపోయారు. 2016లో దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు ఈ శిబిరాల పద్ధతిని మూడేళ్ళలో ఎత్తేయమంది. మూడేళ్ళు గడిచాయి. ఇంకో మూడేళ్ళూ గడిచాయి. 2022 ఆగస్టులో మన పక్కనే తెలంగాణలో, ఇబ్రహీంపట్నంలో మళ్ళీ శిబిరం పెట్టారు. ఒక్కరోజులో 34 మందికి ఆపరేషన్లు చేశారు. నలుగురు చనిపోయారు. అందరూ చిన్న వయసు తల్లులే. అక్కడా అవే చెక్కులు, అవే ఇళ్ళ హామీలు, అదే సస్పెన్షన్. ఇది జరిగిన రెండున్నర నెలలకే ప్రియ చనిపోయింది. కోర్టు వద్దన్న పని చేసి నలుగురిని చంపుకుంటే దాన్ని ప్రమాదం అని ఎలా అనగలం? ముందుగా తెలిసి, ఆపే వీలుండి, ఆపకుండా జరగనిచ్చినదాన్ని ఏ భాషలోనూ ప్రమాదం అనరు.

చట్టం గడప ఎంత ఎత్తు?

మనతో పనిచేసే కార్యకర్తలకు ఇక్కడ కొన్ని సంగతులు తెలిసి ఉండాలి. కార్పొరేట్ ఆసుపత్రిలో డబ్బు కట్టి వైద్యం చేయించుకున్నవాళ్ళు నిర్లక్ష్యం జరిగితే వినియోగదారుల ఫోరానికి వెళ్ళవచ్చు. 1995లో వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు ఆ దారి తెరిచింది. కానీ అదే తీర్పు, ఎవరి దగ్గరా డబ్బు తీసుకోకుండా అందరికీ ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రులను ఆ చట్టం బయట ఉంచింది. కొందరి దగ్గర డబ్బు తీసుకుని కొందరికి ఉచితంగా చేసే చోట మాత్రం ఉచిత రోగికి కూడా ఆ హక్కు ఉంటుంది. అంటే పూర్తిగా ఉచితమైన ఆసుపత్రికి వెళ్ళిన పేదరాలికి, తక్కువ ఖర్చుతో త్వరగా తేలే ఆ ఫోరం గడప మూసుకుపోయింది. ఉచితం కాబట్టి ఆమె వినియోగదారు కాదట! ఆమె కొనే అగ్గిపెట్టె మీద కూడా పన్ను కడుతోంది. ఆ పన్నుతోనే ఆ ఆసుపత్రి నడుస్తోంది. మరి అది ఉచితం ఎలా అయింది?

మిగిలింది సివిల్ కోర్టు, హైకోర్టు. సివిల్ కోర్టు అంటే ఎన్నేళ్ళు? మహారాష్ట్రలో 1963లో ఔరంగాబాద్ ప్రభుత్వాసుపత్రిలో ఒక బాలింతకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి కడుపులో గుడ్డ వదిలేశారు. ఆమె చనిపోయింది. ప్రభుత్వ ఆసుపత్రిలో జరిగిన నిర్లక్ష్యానికి ప్రభుత్వమే బాధ్యత వహించాలని అచ్యుతరావు ఖోడ్వా కేసుగా పేరుపడిన ఈ వ్యవహారంలో సుప్రీంకోర్టు తేల్చింది 1996లో. ముప్పైమూడేళ్ళు! అయినా ఆ తీర్పు మన చేతిలో ఆయుధం. అదే 1996లో పశ్చిమ బెంగాల్ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో, సమయానికి వైద్యం అందించకపోవడం జీవించే హక్కును భంగపరచడమేనని కోర్టు చెప్పింది. ఆ రెండు తీర్పులూ ఆడవాళ్ళ సంఘాల కార్యాలయాల గోడల మీద రాసి ఉండాల్సినవి.

ఇక క్రిమినల్ కేసు. ప్రియ విషయంలో మొదట అనుమానాస్పద మృతిగా నమోదైన కేసు, నిపుణుల నివేదిక వచ్చాక నిర్లక్ష్యం వల్ల మరణంగా మారింది. డాక్టర్ల మీద కేసు పెట్టాలంటే మరో డాక్టరు అభిప్రాయం ముందుగా ఉండాలని 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు నియమం పెట్టింది. ఒక డాక్టరు తప్పని మరో డాక్టరు చెప్పాలి. అదెంత కష్టమో ఆసుపత్రుల చుట్టూ తిరిగినవాళ్ళకు తెలుసు. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే శిక్ష ఐదేళ్ళ దాకా పెంచారు. రిజిస్టరైన డాక్టరు వైద్యం చేస్తూ ఆ పని చేస్తే మాత్రం రెండేళ్ళకు మించదు.

మమ్మల్ని డాక్టర్ల శత్రువులనుకోవద్దు. ప్రియ కేసులో ప్రభుత్వ డాక్టర్ల సంఘాలు సహచరుల పక్షాన మాట్లాడాయి. వాళ్ళ వాదనలో ఒక నిజం ఉంది. ఇద్దరు డాక్టర్లను జైల్లో పెట్టినంత మాత్రాన రాత్రి వార్డులో సిస్టర్ల సంఖ్య పెరగదు. భయపడిన డాక్టరు కష్టమైన కేసును ఇంకో ఆసుపత్రికి తోసేస్తాడు, దారిలో పోయేది పేదవాళ్ళ ప్రాణమే. ఇదంతా నిజం. కానీ ఈ నిజాన్ని డాక్టర్లు తమ మీద కేసు వచ్చినప్పుడు మాత్రమే ఎందుకు చెబుతున్నారు? వార్డుల్లో సిబ్బంది చాలరని, ఆపరేషన్ తర్వాత చూసుకునే ఏర్పాటు లేదని రోగులతో కలిసి రోడ్డెక్కి ఎన్నిసార్లు చెప్పారు? వ్యవస్థ తప్పు అనే మాట వ్యక్తి బాధ్యతను కప్పిపుచ్చే దుప్పటి కాకూడదు. వ్యక్తిని శిక్షించడం వ్యవస్థ తప్పించుకునే దొడ్డిదారి కూడా కాకూడదు. మేం రెండూ అడుగుతున్నాం.

మరణానికి పేరు పెట్టడం

దక్షిణాఫ్రికాలో యూడీ సిమెలానే అనే ఫుట్‌బాల్ క్రీడాకారిణి ఉండేది. దేశం తరఫున ఆడింది. క్వాథీమా అనే నల్లజాతి కార్మికవాడలో, తాను ఆడవాళ్ళనే ప్రేమిస్తానని దాచుకోకుండా బతికిన కొద్దిమందిలో ఆమె ఒకరు. 2008 ఏప్రిల్ 28న ఆమెను సామూహిక అత్యాచారం చేసి, పొడిచి చంపి కాలువలో పడేశారు. అప్పటికి ఆమెకు ముప్పై ఒక్కేళ్ళు. లైంగిక ధోరణి ఆధారంగా వివక్ష కూడదని రాజ్యాంగంలోనే రాసుకున్న దేశం అది. 2009లో ఒకరికి 32 ఏళ్ళ జైలు, మరొకరికి యావజ్జీవం పడ్డాయి. కానీ విచారణలో ఆమె ఎవరో చెప్పే ఆ మాటను వాడటానికే న్యాయమూర్తి ఇబ్బంది పడ్డారని, మరో మాట లేదా అని అడిగారని, హత్యకు దానితో సంబంధం లేదన్నారని వార్తలొచ్చాయి. శిక్ష పడింది. పేరు పెట్టలేదు. అక్కడి ఆడవాళ్ళు అందుకే ఊరుకోలేదు. ఇది మామూలు హత్య కాదు, ద్వేషంతో చేసిన హత్య అని ఏళ్ళ తరబడి చెబుతూనే వచ్చారు.

యూడీది హత్య, ప్రియది నిర్లక్ష్యం. రెండూ ఒకటని మేం అనడం లేదు. రెండు చోట్లా మరణానికి సరైన పేరు పెట్టకుండా తప్పించుకునే ప్రయత్నం జరిగిందని మాత్రమే అంటున్నాం. మన ఉద్యమం ఈ పాఠాన్ని కష్టపడి నేర్చుకుంది. స్టవ్ పేలి చనిపోయిన కోడళ్ళను ప్రమాదం లెక్కలో రాస్తుంటే 'ఇవి వరకట్న హత్యలు' అని పేరు పెట్టింది మనమే. పేరు మారాకే చట్టం మారింది. ఇప్పుడు ఆసుపత్రి మంచాల మీదా ఆటమైదానాల్లోనూ పోతున్న ప్రాణాలకు కూడా పేరు పెట్టాల్సిన బాధ్యత మనదే.

ఇక్కడ మనల్ని మనమూ అడుక్కోవాలి. ఇన్నేళ్ళలో మన పత్రికల్లో ఆటల గురించి ఎన్ని వ్యాసాలు రాశాం? వరకట్నం, సారా, గృహహింస, భూమి, వేతనం అన్నీ మాట్లాడాం, మాట్లాడాల్సిందే. ఆట మాత్రం మనకు కూడా పిల్లచేష్టగానే కనబడింది. ఆడపిల్ల కాళ్ళు చాపి, చెమటోడ్చి, నలుగురి ముందు పరిగెత్తే హక్కు చిన్న హక్కనుకున్నాం. నిజానికి తన శరీరం తనదన్న ఎరుక ఆడపిల్లకు మొదట కలిగేది అక్కడే. పితృస్వామ్యం ఆ మైదానాన్ని చూసి ఎందుకంత భయపడుతుందో ఆలోచిస్తే మనకే అర్థమవుతుంది.

మన డిమాండ్లు

1. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రతి ఆపరేషన్ తర్వాత రోగిని గంటగంటకూ చూసి రాసే పట్టిక మంచం దగ్గరే ఉండాలి. అది చూసే హక్కు రోగికీ తోడు ఉన్నవాళ్ళకూ ఉండాలి. ఖాళీగా ఉన్న నర్సు పోస్టులన్నీ భర్తీ చేయాలి.

2. ఆపరేషన్ తర్వాత సంభవించిన ప్రతి మరణం మీద, ఆ ఆసుపత్రితో సంబంధం లేని నిపుణులతో విచారణ జరగాలి. ఆ సంఘంలో మహిళాసంఘాల ప్రతినిధి ఉండాలి. నివేదికను కుటుంబానికి తెలుగులో ఇవ్వాలి.

3. ఉచిత వైద్యం పొందినవాళ్ళకు కూడా వినియోగదారుల ఫోరానికి వెళ్ళే హక్కు కల్పించేలా చట్టాన్ని సవరించాలి. నష్టపరిహారం దయగా కాదు, హక్కుగా రావాలి.

4. బడిలో, కాలేజీలో, క్లబ్బులో ఆడే ప్రతి పిల్లకూ గాయాల బీమా, ఉచిత వైద్యం ప్రభుత్వమే కల్పించాలి. పోటీ జరిగే ప్రతి మైదానంలో అంబులెన్సు, ప్రథమ చికిత్స తెలిసిన మనిషి ఉండాలి. లేకపోతే పోటీ జరగకూడదు.

5. ప్రతి బాలికల ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయురాలిని నియమించాలి. పనిస్థలంలో లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం స్టేడియాలకూ క్రీడాసంస్థలకూ వర్తిస్తుందని ప్రతి మైదానంలో బోర్డు పెట్టాలి, ఫిర్యాదుల కమిటీ వేయాలి.

6. శిబిరాల పద్ధతిలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయడం ఇకనైనా ఆపాలి.

ఇవి ప్రభుత్వాన్ని అడిగేవి. మనం మనంతట మనం చేయగలిగిందీ ఉంది. ఈ మూడు నెలల్లో మీ వాడలో ఉన్న బాలికల బడికి వెళ్ళండి. మైదానం ఉందా, ఉంటే ఆడపిల్లలకు ఎన్ని గంటలు దొరుకుతోంది, వ్యాయామ ఉపాధ్యాయురాలు ఉందా, గాయమైతే ఎక్కడికి తీసుకెళ్తున్నారు, ఖర్చు ఎవరు పెడుతున్నారు, రాసుకుని మాకు పంపండి. వన్ టౌన్‌లో ఆ పని మేం మొదలుపెట్టాం. ఆసుపత్రిలో ఎవరైనా ఆడమనిషి కట్టు కింద నొప్పి అంటే, కాలివేళ్ళు చల్లబడ్డాయా, కదులుతున్నాయా చూసి, సిస్టరును పిలిచి, కట్టు వదులు చేయించేదాకా ఆ మంచం దగ్గరినుంచి కదలొద్దు. గొడవ చేస్తున్నారంటారు. అననివ్వండి.

వన్ టౌన్‌లో పరిగెత్తడం మానేసిన ఆ చేపలమ్మే తల్లి కూతురిని వచ్చే వారం మేం ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాం. తల్లి కూడా వస్తానంది.